పాచికయు మాటయు



నేడు నేనొక యాటను గూర్చి ముచ్చటింపదలచితిని. ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడు ఆటల ప్రసంగమునకు దిగుట యేమని మీరనుకొనవచ్చును. ధర్మరాజంతటివాని రాజ్యము ఆటలోనే పోయినది గదా! కావున ఆటలు పిల్లల సొమ్మని పెద్దలు తప్పించుకొనుటకు వీలులేదు. పైగా నేను చెప్పబోవు నాటలో పందెము లేదు. ఒకడు గెలిచి మరియొకడు ఓడుటయు లేదు. అట్లయిన అది యెట్టి యాట యందురా? అదియే చెప్పెదను.

ఇది మన దేశమున పుట్టినది కాదు. అమెరికా దేశమున 1974వ సంవత్సరమున మొదట అచ్చుపడినది. వారు దానిని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అందురు. నేలమాళిగలును మహోరగములును అని మనము చెప్పుకొనవచ్చును. ఆ దారినే నడచిన యాటలు తరువాత వందలకొలదిగా వెలువడినవి. ఈ జాతి కంతటికిని నేను పాత్రక్రీడ యని పేరు పెట్టుకొంటిని. హైదరాబాదున చదువుకొనుచున్న నా మనుమరాలు ఈ యాటయందు మిక్కిలి యాసక్తి గలది. గడచిన వేసవిలో ఆమె తన స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చి, మూడు దినములు మా యింటి వసారాలో దీనిని నడపినది. నేను పడకకుర్చీలో ప్రక్కనే కూర్చుండి మొదటినుండి తుదివరకును చూచితిని.

ఆట తీరిది. నలుగురైదుగురు ఒక బల్లచుట్టును కూర్చుందురు. అందొకరు కథ నడపువారు. ఆంగ్లమున వారికి వేరే పేరున్నది గాని మనకు సూత్రధారుడన్న మాట సిద్ధముగా నుండగా మరియొకటి వెదకనేల? తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. ఒకడు ఖడ్గధారి, ఒకతె మంత్రగత్తె, ఒకడు వైద్యుడు, మరియొకడు దొంగ. ఆ పాత్రకెంత బలము, ఎంత చదువు, ఎంత మాటకారితనము అన్నది అంకెలతో ఒక కాగితముపై వ్రాసియుండును. సూత్రధారుడు, “మీ యెదుట ఏరు. దానిమీద పాతవంతెన. వంతెన మొదట నొక రాక్షసుడు నిలుచున్నాడు. ఏమి చేయుదురు?” అని యడుగును. ఆడువాడు తన పాత్ర యేమి చేయునో నోటితో చెప్పును. ఏమైనను చెప్పవచ్చును. ఇదియే ఈ యాటయందలి విశేషము.

మనవారి పులిజూదమును తలచుకొనుడు. పులి మేకపై దూకవచ్చును, లేదా ప్రక్క గడికి జరుగవచ్చును. అంతకుమించి దానికి దారిలేదు. మేకలన్నియు గూడి పులితో సంధి చేసికొందుమన్నచో ఎదుటివాడు నవ్వి కాయలు తీసివేయును. అష్టాచెమ్మయు నంతే, చదరంగమును నంతే. పాత్రక్రీడలో మేక పులితో సంధి మాటలాడవచ్చును. ఆ సంధి కుదురునా కుదురదా అన్నదే ప్రశ్న. దానికి కొంతవరకు సూత్రధారుని బుద్ధియు, కొంతవరకు పాచికయు జవాబు చెప్పును.

ఈ పాచిక మనకు తెలిసిన పాచిక కాదు. ఇరువది ముఖములు గలది. 2014లో వెలువడిన కూర్పు ననుసరించి సూత్రధారుడు పనియొక్క కష్టమునుబట్టి ఒక సంఖ్యను నిర్ణయించును. మిక్కిలి సులభమైనదానికి 5, సులభమైనదానికి 10, నడిమిదానికి 15, కష్టమైనదానికి 20, అసాధ్యప్రాయమునకు 30. పాచికపై పడిన సంఖ్యకు పాత్రయొక్క నేర్పును కూడగా ఆ మొత్తము నిర్ణయించిన సంఖ్యకు తక్కువ గాకున్నచో పని నెరవేరును. పరిస్థితి అనుకూలముగా నున్నచో రెండు పాచికలు వేసి పెద్దదానిని గ్రహింతురు.

ఇంతవరకు తేటగానే యున్నది. చిక్కు ఇక మీద. పుస్తకములో నియమములు వందల పుటలున్నవి, మనుష్యుని బుద్ధియో ఆ పుటలకు లోబడునది కాదు. మా వసారాలో జరిగినదే చెప్పెదను. వంతెనయొద్ద యుద్ధము జరుగునని మనుమరాలు ముందురాత్రియే రెండు పుటలు వ్రాసికొన్నది. వైద్యుని పాత్ర ధరించిన కుఱ్ఱవాడు కత్తి దూయలేదు సరికదా, “ఆ రాక్షసుడు కుంటుచున్నాడా? కాలు చూపుమందును” అన్నాడు. వాడు కుంటుచున్నట్లు ఆమె వ్రాసికొననే లేదు. ఒక్క నిమిషము ఊరకుండి, “అవును, కుంటుచున్నాడు” అన్నది. పదునైదు సంఖ్య పెట్టినది. వైద్యుని నేర్పు మూడు. అనగా పాచికపై పండ్రెండుగాని అంతకు పైనగాని పడవలెను. ఇరువదింట తొమ్మిదిపాళ్లు అవకాశము. పదమూడు పడినది. రాక్షసుని అరికాలినుండి తుమ్మముల్లు వెలికివచ్చినది. వాడు అందరిని భుజములమీద నెక్కించుకొని ఏరు దాటించినాడు. వ్రాసికొన్న రెండు పుటలును వృథాయైనవి. అయినను ఆమె ముఖమున ఆ క్షణమున నున్న సంతోషమును నేను పరీక్షాఫలితములు వచ్చిననాడు సయితము చూడలేదు.

పాచిక లేకుండ ఆమెయే, “సరే, ముల్లు తీసితివి” అనియున్న ఈ రుచి వచ్చెడిదా? రాదనియే నాకు తోచుచున్నది. పుస్తకము తిరుగవేసి, “ఇట్టి పనికి విధిలేదు, కత్తి దూయుము” అనియున్నచో అసలే రాదు. ఈ రెంటి నడుమను ఎక్కడ నిలువవలెనన్నది ఇప్పటి పిల్లలు కనిపెట్టిన ప్రశ్న కాదు. దానికి రెండువందలేండ్ల చరిత్ర కలదు.

ఇట్టి యాటలకు మూలము వినోదము కాదు, యుద్ధశిక్షణము. ప్రష్యా దేశమున రైస్విట్స్ అను నుద్యోగి 1812లో తన రాజునకు ఒక బల్ల చేయించి యిచ్చెను. కొండలు, నదులు, ఊళ్లు చూపు పలకలను దానిమీద కావలసినట్లు పేర్చి సేనలను నడుపవచ్చును. ఆయన కుమారుడు ఫిరంగిదళమున అధికారి. అతడు బల్లకు మారుగా నేలను ఎనిమిదివేలవ వంతునకు తగ్గించి గీసిన పటమును తీసికొని, 1824లో నియమగ్రంథమును ప్రకటించెను. ఒక్కొక్క యెత్తు రణరంగమున రెండు నిమిషములకు సమానము. ఇరుపక్షములవారును తమ యాజ్ఞలను వ్రాసి మధ్యస్థుని చేతికిత్తురు. ఎవరికేమి కనబడునో అంతమాత్రమే మధ్యస్థుడు పటముపై చూపును. తుపాకిదెబ్బల ఫలితము పాచికయు పట్టికలును తేల్చును. ప్రష్యా సేనా ప్రధానకార్యాలయమున కధ్యక్షుడైన మ్యుఫ్లింగు దీనిని చూచి ముగ్ధుడై సైన్యమంతటికిని సిఫారసు చేసెను. పాపము, ఆ యువకుడు తన పని ఫలించుట చూడకయే 1827లో ప్రాణత్యాగము చేసికొనెను.

తరువాతివారు నియమములను పెంచిరి. పట్టికకు పట్టిక పుట్టినది. ఒక చిన్న కయ్యము తేల్చుటకు మధ్యస్థుడు పుటలు త్రిప్పుచుండ ఆడువారు ఆవులింపసాగిరి. మెకెల్ అను నధికారి 1873లో దీనిని విమర్శించెను. 1876లో వెర్దీ దు వెర్న్వా అను సేనాని ఒక చిన్న పుస్తకము వ్రాసి ఆ పట్టికల నవతల పెట్టుమనెను. యుద్ధము చూచిన మధ్యస్థుడున్నాడు, తన యనుభవముతో తీర్పు చెప్పును, ఇంక లెక్కలేల యని ఆయన వాదము. అప్పటినుండి కఠినక్రీడ యనియు స్వేచ్ఛాక్రీడ యనియు రెండు మార్గము లేర్పడినవి.

వెర్దీగారి మాట వినుటకు ఇంపుగానే యున్నది. కాని ఊరిలో గట్టుతగవు తీర్చిన పెద్దలు దానిని విని ఒకపాటి సందేహింతురని నా నమ్మకము. కొలగొలుసు పట్టి కొలిచి చెప్పిన తీర్పునకు ఓడినవాడు గొణిగికొనుచునైనను ఇంటికి పోవును. “నాకిట్లు తోచినది” అని చెప్పిన తీర్పు ఎంత న్యాయమైనదైనను, వానికి మధ్యస్థుని బంధువర్గము జ్ఞప్తికి వచ్చును. సైన్యములో నింకొక చిక్కు. మధ్యస్థుడు పై యధికారి, ఆడువాడు క్రింది యధికారి యైనపుడు తీర్పు తప్పనుట కెవ్వనికి నోరు పెగలును? పాచికకు హోదా లేదు. దాని గొప్పతన మదియే.

అమెరికా దేశమున టాటెన్ అను సైనికాధికారి 1880లో స్ట్రాటెగోస్ అను నిట్టి గ్రంథమును రచించెను. ఎనుబదియేండ్లకు పైగా గడచిన పిదప మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ అను యువకుడు దానిని చదివెను. ఆడువాడు ఏమి చేయజూచినను మధ్యస్థుడు తీర్పు చెప్పవలెనన్న భావము ఆయన మనస్సున నాటుకొనినది. 1969లో బ్రౌన్‌స్టైన్ అను కల్పిత నగరమును కేంద్రముగా నొక యాట కూర్చి, సేనానులకు మాత్రమేగాక వచ్చిన మిత్రులందరికిని ఒక్కొక్క పాత్ర నిచ్చెను. ఒకడు నగరాధ్యక్షుడు, ఒకడు విద్యాపీఠాధిపతి. యుద్ధము మొదలగులోపలనే వారు మూలమూలలకు పోయి రహస్యాలోచనలు సాగించిరి. ఇరువురు ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడిరి. దానికి నియమము లేదు. వెస్లీ అప్పటికప్పుడు కల్పించి ఒప్పించెను. ఆట తన చేయి దాటిపోయినదని ఆయన దిగులుపడెను. మిత్రులో, మరల నెప్పుడని యడిగిరి!

ఆ మిత్రులలో ఆర్నెసన్ ఒకడు. ఆయనయు, విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను నూర గైగాక్స్ అను నాయనయు గూడి ముందు చెప్పిన 1974నాటి యాటను వెలువరించిరి. గైగాక్స్ భీమా కచ్చేరిలో పని పోగొట్టుకొని ఇంటివద్ద చెప్పులు బాగుచేసి జీవించిన దినములున్నవి. మూడు చిన్న పుస్తకములు, ఒక పెట్టె. తొలి ముద్రణము వేయి ప్రతులు. ఆ మూడు పుస్తకములలో నియమములకన్న ఖాళీలే యెక్కువ. ఒక్కొక్క యూర నొక్కొక్కరు ఆ ఖాళీని తమకు తోచినట్లు పూరించుకొనిరి. పోటీలు పెట్టవలసి వచ్చినపుడు ఇది కుదురలేదు. అన్ని బల్లలయందును ఒకే తీర్పు కావలసివచ్చి 1977 మొదలు పెద్ద పెద్ద సంపుటములు బయలుదేరినవి. ప్రష్యాలో జరిగినదే మరల జరిగినదన్నమాట.

ఇదంతయు వినుచుండగా నాకు చిన్నయసూరి జ్ఞప్తికి వచ్చుచుండెను. బాలవ్యాకరణము చదివినవారికి తెలియును: ఉకారసంధి నిత్యము, కొన్ని యికారముల సంధి వైకల్పికము, అకారసంధి బహుళము. నిత్యమన్నచోట కవికి స్వేచ్ఛ లేదు. వైకల్పికమన్నచోట రెండు దారులున్నవి. బహుళమన్నచోట ప్రయోగము చూచి, చెవి చెప్పినట్లు నడువవలెను. సూరిగారు అన్నియు నిత్యము చేయలేదు. అన్నియు బహుళము చేసి తప్పించుకొననులేదు. ఏది యెందులో చేరునో నిర్ణయించుటయే వ్యాకర్తయొక్క పని. పాత్రక్రీడయందును అంతే యని నా యభిప్రాయము. దెబ్బ తగిలినదా లేదా అన్నది నిత్యములో చేరవలెను. రాక్షసునితో స్నేహము కుదురునా అన్నది వైకల్పికము. ఆ రాక్షసుని తల్లి పేరేమన్నది బహుళము. నోటికి వచ్చినది చెప్పవచ్చును, పాచిక అక్కరలేదు.

నియమమున్నచో కల్పన చచ్చునని కొందరందురు. వారు అవధానము చూడలేదని తెలిసికొనవలెను. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ప్రతి యక్షరమునకును అడ్డు పెట్టును. అవధాని యే మాట చెప్పబోవుచున్నాడో కనిపెట్టి ఆ మాటనే నిషేధించును. ఆ నిషేధమువలననే యెవ్వరు నూహింపని పదము పైకి దూకును. తిరుపతి వేంకటకవుల నాటినుండి మనవారు ఊరూర కూడి చప్పట్లు కొట్టినది ఆ పదమునకే. సభ్యులెంత మెచ్చినను యతిభంగమును మాత్రము క్షమింపరు. తోలుబొమ్మలాటలో నింకొక రీతి. రామాయణపద్యము ఉన్నదున్నట్లు పాడవలెను. నడుమ కేతిగాడు బంగారక్కతో ఆ యూరి ముచ్చట లేవైనను కలిపి కొట్లాడవచ్చును. రావణుని చావును కేతిగాడు మార్చజాలడు.

ఇక రెండవనాడు జరిగినది చెప్పవలెను. నా మనుమరాలు ఒక అట్టను తెరవలె నిలిపి దాని వెనుక పాచిక వేయుచుండెను. సూత్రధారులకు అది వాడుకయట. ఆడువారిలో పండ్రెండేండ్ల పిల్లవాడొకడు కలడు. వాని పాత్ర గుఱ్ఱపురౌతు, ఆరుమాసములుగా పెంచుకొన్నది. ఆ గుఱ్ఱమునకు వాడు చేతక్ అని పేరు పెట్టుకొనెను. గుహలో మహోరగము వానిపై లేచినది. ఆమె పాచిక వేసి, చూచి, “తప్పినది” అనెను. రాత్రి భోజనములైన పిమ్మట నావద్దకు వచ్చి, “తాతయ్యా, ఇరువది పడినది. వాడు చావవలసినదే. నాకు నోరు రాలేదు” అన్నది. నేనేమియు ననకమునుపే తెల్లవారినది, ఆడువారిలో ఒక పిల్ల ఎట్లో పసిగట్టి, “మొన్న నా మంత్రగత్తె చచ్చినపుడు పాచిక మాట చెల్లినది. వీనికేల చెల్లలేదు?” అని నిలదీసినది. ఆ పిల్ల కన్నుల నీరు పెట్టుకొనుట చూచి ఆట ఇంతటితో సరి యనుకొంటిని.

అబద్ధము దయతో ఆడినదే. కాని ఆ దయ అందరికిని సమముగా పంచబడలేదు. అట్లు పంచుటకు చాటు పనికిరాదు. ఈ విషయమున గైగాక్స్ 1979లో సూత్రధారులకై వ్రాసిన గ్రంథమున నొక దారి చూపియున్నాడు: తన తప్పు లేకుండ కేవలము పాచిక విపరీతమువలన పడిపోయినవానికి ప్రాణమునకు మారుగా కన్నో కాలో పోయినట్లు తీర్పు చెప్పవచ్చును, తెలివితక్కువ పని చేసినవానిని మాత్రము పాచికకు వదలివేయవలెను. నా మనుమరా లీ మాటను వారియెదుట పెట్టినది. గంటసేపు వాదించి పిల్లలు తామే కట్టుబాటు చేసికొనిరి. అట్ట తీసివేయవలెను, పాచిక అందరి కన్నులయెదుట వేయవలెను, వేయకమునుపే దేనికి ముప్పున్నదో సూత్రధారుడు చెప్పవలెను, చావు వచ్చినపుడు దానికి మారుగా తనకు మిక్కిలి ప్రియమైనదానిని విడుచుటకు ఆడువానికి హక్కుండవలెను. చచ్చిన మంత్రగత్తెకును ఈ హక్కు వెనుకటినుండి వర్తింపజేసి, ఆమె విద్యలో సగము తీసికొని ప్రాణమిచ్చిరి. ఆ పిల్ల ఊరడిల్లినది.

ఆ సాయంకాలమే మరల మహోరగము లేచినది. పాచిక నడిబల్లమీద దొరలి పందొమ్మిది చూపినది. చావు తప్పదు. పిల్లవాడు చాలసేపు కాగితము చూచుకొని, చేతక్ పేరుమీద గీత గీచినాడు. లేని గుఱ్ఱమునకై వాడు కార్చిన కన్నీరు మాత్రము ఉన్నదే. ఎవ్వరును నవ్వలేదు. ముందుదినము వానికై అబద్ధమాడినపుడు లేని గౌరవము ఆ క్షణమున బల్లచుట్టును నిలిచినది.

ఈ మధ్య వచ్చిన యాటలలో కొన్ని మరియొక యుపాయము పన్నినవి. 2010లో బేకర్ దంపతులు ప్రకటించిన అపోకలిప్స్ వరల్డ్ అను నాటలో సూత్రధారుడు పాచిక ముట్టనే ముట్టడు. ఆడువాడే మామూలు పాచికలు రెండు వేయును. నేర్పు కలుపగా పది దాటినను, పదియే వచ్చినను పని చక్కగా నెరవేరును. ఆరుగాని అంతకు తక్కువగాని వచ్చినచో సూత్రధారుడు చిక్కు తెచ్చిపెట్టును. ఏడునుండి తొమ్మిదివరకు వచ్చినచో పని నెరవేరును గాని వెల చెల్లింపవలెను. ఆ వెల యేమన్నది చాలవరకు అప్పటికప్పుడు కల్పింపవలసినదే. అనగా కల్పింపవలెనన్నదే నియమము! సమస్య నిచ్చి పూరింపుమనుట వంటిది. ఇది నాకు నచ్చినది.

మన భట్టివిక్రమార్క కథలను ఇట్టి యాటగా కూర్పవలెనని నా మనుమరాలు పట్టుపట్టినది. నేను పండ్రెండు నియమములు వ్రాసియిచ్చితిని. ఆమె యేడింటిని కొట్టివేసినది. మిగిలినవానిలో నాలుగు కుదిరినవి. ఒక్కదానిమీద నింకను వివాదము. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేసినపుడు జవాబు ఆడువాని సొంతబుద్ధితో రావలెనని నేనందును. పాచిక వేసి, “విక్రమార్కుడు సరిగా చెప్పినాడు” అనుకొన్నచో కథకు రుచి యేమున్నది? ఆమె యొప్పుకొనదు. “తాతయ్యా, మా జట్టులో నత్తి గలవాడొకడున్నాడు. వానికి మహామంత్రి పాత్ర యిష్టము. నోటిమాటయే ప్రమాణమన్నచో ప్రతిసారియు గడుసువాడే గెలుచును. బలము లేనివాడు పాచికతో భీముడు కావచ్చునట, మాట లేనివాడు పాచికతో మంత్రి కారాదా?” అనుచున్నది. తరగతిలో ముందువరుస పిల్లలే చేయెత్తుచుండ వెనుకవరుసలో జవాబు తెలిసియు నోరు విప్పని పిల్లలను నేనును చూచినవాడనే. ఆమె మాట త్రోసివేయదగినది కాదు. అయినను బేతాళునియెదుట పాచిక వేయుటకు నాకింకను మనస్సొప్పకున్నది. నత్తి పిల్లవాడు జవాబును కాగితముపై వ్రాసి చూపవచ్చునని నిన్న ఉత్తరము వ్రాసితిని. ప్రత్యుత్తరము రావలసియున్నది.